పాలక్యాను దెబ్బ, నా బాస్ కట్ బటను

మూడేళ్ళ కిందట, జూలై మొదటి సోమవారం ఉదయం నా బల్ల మీద ఒక మెమో ఉంది. అప్పుడు నేను హైదరాబాదులో ఒక రేడియో కేంద్రంలో సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంటుని. స్టూడియోలోంచి వచ్చే ధ్వనిని సరిచూసి ట్రాన్స్‌మిటర్‌కి పంపే కంట్రోల్ రూము నా బాధ్యత. యువజన కార్యక్రమం కోసం నగరంలో టెక్నో సంగీతం చేసేవాళ్ళను రికార్డు చేయాలని, మొదటి రికార్డింగు బుధవారం పదకొండు గంటలకని మెమోలో ఉంది. చదవగానే ఒళ్ళు మండింది. పల్లవి లేదు, చరణం లేదు, గంటలకొద్దీ ఒకటే దెబ్బ. దానికి నా మైకులెందుకని స్టేషన్ ఇంజనీరును అడిగాను. ఆయన మెమో కింద నేను సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు.

బుధవారం వచ్చిన మనిషి లావణ్య. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఇల్లు ఛత్రినాక. తండ్రి మల్లేశానికి ఎనిమిది బర్రెలు, పాల వ్యాపారం. ఈమె నయాపూల్ దగ్గర కోర్టు ఎదుట ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తుంది. తాను టెక్నో ప్రొడ్యూసర్‌నని చెప్పింది. టెక్నోలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే ఆసామి కాదు. కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుని చప్పుళ్ళు పోగుచేసి, కొలిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి సంగీతం కట్టే మనిషి. ఈ దారిలోకి ఎలా వచ్చావని మా అనౌన్సరు అడిగాడు.

"బోనాలకు మా గల్లీల పెద్ద బాక్సులు పెడ్తరు గద సార్. అందరు పాట వింటుంటే నేను బాక్సు మీద చెయ్యి వెట్టి నిలబడేదాన్ని. పాట ఏదైతే ఏంది, కాళ్ళను ఆడిచ్చేది కింది దెబ్బనే అని గప్పుడే సమజైంది" అంది.

తర్వాత దుకాణంలో చేరింది. కోర్టు ఫైళ్ళు వందల పేజీలు ఒకేసారి వేస్తుంటే మిషను ఒక తాళం పట్టుకుంటుందని గమనించింది. ఫోనులో రికార్డు చేసుకుంది. దుకాణంవాళ్ళు పక్కన పడేసిన కంప్యూటరును అడిగి ఇంటికి తెచ్చుకుని, వీడియోలు చూస్తూ పని నేర్చుకుంది. అసలు దెబ్బ మాత్రం ఇంట్లోదే. తండ్రి ఖాళీ పాలక్యానును బోర్లించి, అరచేత్తో అడుగున కొట్టి, ఆ మోత శ్రుతిని కంప్యూటర్లో బాగా కిందికి దించింది. "ఆ ఒక్క దెబ్బకు నాలుగు నెల్లు వట్టింది" అని నవ్వింది.

నేను ఊ కొడుతూ విన్నాను. పావుగంటలోనే నా విసుగు జారిపోయింది. జిరాక్స్ మిషను సరసర ఎడమ స్పీకరు నుంచి కుడి స్పీకరుకి వెళ్తుంటే ఎక్కడా కొలత తప్పలేదు. కొలత తప్పని మనిషిని నేను కోప్పడలేను, అది నా బలహీనత.

రికార్డింగయ్యాక ఆమె ఒక సహాయం అడిగింది. ఆదివారం మలక్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో ఎంపిక ఉంది. బెంగళూరు నుంచి నందిత అనే నిర్వాహకురాలు వచ్చి, తాను జరిపే సంగీతోత్సవానికి మన ఊరి నుంచి ఒకే ఒక్కరిని తీసుకుంటుంది. దానికి తుది కాపీని మంచి చెవి ఉన్నవాళ్ళు సరిచేయాలి. ఇంట్లో తండ్రి గడువు పెట్టేశాడట: "ఈ ఒక్కసారి చూసుకో బిడ్డా. కాకుంటే ఆ డబ్బా మూసి పాల దుకాణంల కూసో." ముప్పై నాలుగేళ్ళ చెవి నాది, నాకు వదిలెయ్యమన్నాను. అనుమతి తీసుకుని శనివారం రెండు గంటలు కూర్చుని చేశాను. ఆదివారం ఉదయం హాలు గుమ్మంలో పెన్ డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాను. వినే వ్యవధి లేదు. వరస తేల్చే చీటీల్లో మొదటి పేరు ఆమెదే వచ్చింది.

హాల్లో మనిషెత్తు స్పీకర్లు. ఐదుగురు పోటీదారులు, వాళ్ళ స్నేహితులు. లావణ్య సంగీతం మొదలైంది. జిరాక్స్ సరసర చక్కగా వినిపించింది. దాని కింద ఏమీ లేదు. అందరూ చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డారు. రెండు నిమిషాలకే నందిత కాగితం మీద ఏదో రాసి పెన్ను మూసేసింది. లావణ్య నా వైపు తిరిగి, "సార్, నా దెబ్బ ఏడ వోయింది?" అంది.

చప్పుళ్ళను కలిపి మోతాదు సరిచేసే హాలు మిక్సర్ మీద చూశాను. లోతు శబ్దాల స్థాయి చూపించే దీపాలు ఒక్కటీ వెలగడం లేదు. నేను నొక్కిన బటను గుర్తొచ్చింది.

రేడియోవాళ్ళ మిక్సర్ మీద బాస్ కట్ అని ఒక బటను ఉంటుంది. నొక్కితే ఎనభై హెర్ట్జ్‌కి కిందనున్న లోతు శబ్దాలన్నీ ఆగిపోతాయి. అవి చెవికన్నా ఛాతీకి తెలిసే శబ్దాలు. చిన్న ట్రాన్సిస్టర్లలో వినిపించవు, ట్రాన్స్‌మిటర్ శక్తిని మాత్రం తినేస్తాయి. అందుకని ఉద్యోగంలో చేరిన రోజు నుంచి, ఎవరు ఏం పాడినా, కూర్చోగానే నా వేలు ఆ బటను నొక్కుతుంది. శనివారమూ నొక్కింది. చాలదన్నట్టు కాపీ తీసేటప్పుడు మరోసారి కోశాను. కంట్రోల్ రూములో మా స్పీకర్లు చిన్నవి కాబట్టి లోటు తెలియలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, లోతు శబ్దమంటే చెత్త అని నా లెక్క. ఆ పిల్ల నాలుగు నెలల కష్టాన్ని చెత్తలో పడేశాను.

సిగ్గుపడే సమయం లేదు. నందిత దగ్గరికి వెళ్ళి, తప్పు సంగీతానిది కాదు, నాదని చెప్పాను. హోదా చెప్పాను, నొక్కిన బటను చెప్పాను. ఆమె మిగతా నలుగురి తర్వాత మరో అవకాశం ఇస్తానంది. మాకు గంటన్నర దొరికింది.

అసలు ఫైళ్ళు ఛత్రినాకలో ఇంటి కంప్యూటర్లో ఉన్నాయి. లావణ్య తండ్రికి ఫోను చేసింది. నలభై నిమిషాల్లో పాల ఆటో హాలు ముందు ఆగింది. రెండు క్యాన్ల మధ్య, దుప్పటి చుట్టిన కంప్యూటరు. మల్లేశం దాన్ని దించి నన్ను ఎగాదిగా చూశాడు.

"సారూ, మా పిల్ల చేసిందాన్ని మీరే కోసేసిన్రా?"

"అవును, నేనే" అన్నాను.

"అయితే మీరే సక్కవెట్టాలె" అన్నాడు.

ఈసారి కాపీ వద్దన్నాను. ఆమె కంప్యూటర్ నుంచే ఒక్కో చప్పుడూ వేరువేరుగా వదలాలి, నేను మిక్సర్ మీద వాటి మోతాదు పట్టుకోవాలి. తీగలు బిగించి కూర్చున్నాను. నా వేలు దానంతటదే ఆ మిక్సర్ మీది బాస్ కట్ వైపు పోయింది.

"చెయ్యి తియ్యున్రి సార్!" అని లావణ్య నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది. ఆ చెయ్యిని తొడ కింద పెట్టుకుని రెండో చేత్తో పని చేశాను.

మొదట జిరాక్స్ సరసర. ఎనిమిది లెక్కలు. తర్వాత క్యాను దెబ్బ వదిలింది. ముందు నా కుర్చీకి తెలిసింది, తర్వాత కడుపుకి, ఆ పైన చెవికి. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీల దొంతర గడగడలాడింది. చేతులు కట్టుకున్నవాళ్ళ చేతులు విడిపోయాయి. పోటీకొచ్చిన మిగతా నలుగురూ పోటీ మరిచి ఆడడం మొదలుపెట్టారు. మల్లేశం ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, "అరె, గిది మన క్యానే గద!" అని హాలంతా వినిపించేట్టు అరిచాడు. లావణ్య నవ్వుతూ ఆ దెబ్బను ఒక్క క్షణం ఆపింది. హాలు మొత్తం గాల్లో ఒక కాలు పెట్టుకుని ఆగినట్టయింది. మళ్ళీ వదలగానే కేకలు. నందిత కాగితాలు కుర్చీలో పడేసి జనం మధ్యకు వచ్చేసింది. నాకు ఒళ్ళంతా పులకరించింది. ఏ రికార్డింగులోనూ అంత ఆనందం ఎరగను.

ఎంపికైంది లావణ్యే. నందిత ఆమెకు ఉత్సవంలో చివరి కార్యక్రమం ఇచ్చింది. అందరి తర్వాత వాయించేవాళ్ళకే అక్కడ పెద్దపీట. పాల దుకాణం మాట మల్లేశం మళ్ళీ ఎత్తలేదట.

సోమవారం కంట్రోల్ రూములో లాగ్ బుక్కు తీసి, నా తప్పును నా పేరుతోనే రాశాను. కింద ఒక సూచన చేర్చాను: బటను నొక్కేముందు, ఈ ధ్వనిని ఎవరు, ఎక్కడ, దేని మీద వింటారో అడగాలి. స్టేషన్ ఇంజనీరు చదివి సంతకం చేశాడు. ఆ రోజు నుంచి మైకు ముందుకు ఎవరొచ్చినా మొదట ఆ ప్రశ్న అడిగాను. అప్పటికి నా సర్వీసు ఇంకా పదకొండు నెలలుంది. అంతకుముందు ముప్పై నాలుగేళ్ళలో ఎవరి దగ్గర ఏమేం కోసేశానో నాకు తెలియదు, వాళ్ళెవరూ నా మణికట్టు పట్టుకోలేదు.