తడి దుప్పటి

మా కుట్టు దుకాణంలో కత్తిరింపు నాది, కాజాలు ఆమెవి. పాతికేళ్లుగా చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ అసలు పేరు మరుగున పడి, అందరికీ కాజాల వదిన అయిపోయింది. పొట్టి మనిషి. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. మిషను కాజా కనబడితే మూతి తిప్పుతుంది. "అది నాలుగు ఉతుకులకే నోరు తెరుస్తుంది. నాది చొక్కా చిరిగినా మిగులుతుంది" అంటుంది. గొప్పకు అన్న మాట కాదు, నిజమే.

భక్తిలో మాత్రం నేనే పెద్దదాన్నని నా నమ్మకం. చర్చిలో స్త్రీల సమాజానికి నాయకురాలిని. నేను ప్రార్థన మొదలుపెడితే టీ చల్లారి మీగడ కట్టాల్సిందేనని మా ఆయన వేళాకోళం. వదినవి మూడే మాటలు: "ప్రభువా, స్తోత్రం, ఆమెన్." ఒకసారి సూదిలో దారం ఎక్కక నేను "దేవా, సాయం చెయ్యి" అని గొణుగుతుంటే, తన కళ్లజోడు తీసి నా ముక్కు మీద పెట్టింది.

"ఇదీ ఆయన ఇచ్చిందే, వాడుకో" అంది. దుకాణమంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

నాలుగేళ్ల కిందట ఆమె భర్త, గోడలకు రంగులు వేసే మనిషి, నిచ్చెన మీంచి పడ్డాడు. నడుం కింద చచ్చుబడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మూడో రోజు నేను ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాను. ఓదార్చడానికని అందరికీ చెప్పాను. నిజం చెప్పాలంటే ఆమె నోట స్తుతి పలికించడానికి వెళ్లాను. కష్టంలోనూ దేవుడికి కృతజ్ఞత చెప్పాలని ఆ వారమే సమాజంలో గంటసేపు మాట్లాడాను మరి. ఆమె చేత చెప్పిస్తే నా మాటకు సాక్ష్యం దొరుకుతుంది.

మేం వెళ్లేసరికి ఆమె మంచం దగ్గర ఉంది. భర్తను ఒక పక్కకు ఒత్తిగిలించి, భుజంతో ఆపి, కిందనుంచి తడిసిన దుప్పటి లాగుతోంది. ఉతికిన దుప్పటి కుర్చీ మీద మడిచి ఉంది. మమ్మల్ని చూసి ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఒక్క నిమిషం బయట కూర్చో వదినా" అంది.

"దేవుడి ముందు మొహమాటమేంటి? ముందు ప్రార్థన, తర్వాతే ఏ పనైనా" అన్నాను.

ఆమె నన్ను చూసింది, భర్తను చూసింది. మెల్లగా ఆయన్ని ఆ తడి మీదే వెల్లకిలా పడుకోబెట్టి మోకరించింది. నేను అందుకున్నాను. వాసన నాకు తెలుస్తూనే ఉంది. కళ్లు ఇంకా గట్టిగా మూసుకుని, గొంతు ఇంకా పెంచాను. చివర్లో "ఇప్పుడు నువ్వు కృతజ్ఞత చెప్పు వదినా" అన్నాను. ఆమె "ప్రభువా" అని ఆగిపోయింది. నేనే "స్తోత్రం" అని అందించాను. ఆమె దాన్ని తిరిగి అంది.

ఆదివారం చర్చిలో నిలబడి ఆ సంగతి చెప్పాను. అంత కష్టంలోనూ కన్నీళ్లతో స్తుతించిందన్నాను. దుప్పటి మాట ఎత్తలేదు. ఆమెన్లు మారుమోగాయి. వెనక బెంచీలో ఆమె తల వంచుకుని కూర్చుంది. ఆ వంచిన తల చూశాక నా నోరంటే నాకే అసహ్యం వేసింది. మర్నాడే క్షమించమని అడుగుదామనుకున్నాను. అలా నాలుగేళ్లు అనుకుంటూనే ఉన్నాను. ఎవరు దుప్పటి అన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. ఆమె మాత్రం నా పక్కనే కూర్చుని ఎప్పటిలా కాజాలు కుట్టుకునేది.

ఈ ఏడు నా వంతు వచ్చింది. మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక ఇంట్లో మంచాన పడ్డాను. ఒక మధ్యాహ్నం మా ఆయన మందులకని బయటికి వెళ్లినప్పుడు, ఆపుకోలేక పక్క తడిపేశాను. అప్పుడే కాజాల వదిన వచ్చింది.

"ప్రార్థన చెయ్యి వదినా" అన్నాను, కప్పుకున్నది మెడదాకా లాక్కుంటూ. దాచుకోవడానికి నాకు ఇంకో మాట దొరకలేదు.

ఆమె వెనక్కి వెళ్లి తలుపు గడియ పెట్టింది. "ముందు దుప్పటి మార్చనీ" అంది.

నొప్పి లేని పక్కకు నన్ను ఒత్తిగిలించి, భుజంతో ఆపింది. నా ముఖం గోడవైపు ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ రోజు అన్నయ్యను తడి మీదే పడుకోబెట్టించాను. నన్ను క్షమించు వదినా" అన్నాను గోడకేసి.

ఆమె తడి దుప్పటి తీసి బకెట్లో వేసింది.

"నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు తగ్గింది. ఆయనకింకా తగ్గలేదు, నీ గొంతు వినబడితే గోడవైపు తిరుగుతాడు" అంది. "ఆ రోజు నేను స్తోత్రం చెప్పలేదనుకోకు. చెప్పాను. మీరంతా వెళ్లాక, దుప్పటి మార్చాక, ఆయన 'హాయిగా ఉంది' అన్నాక చెప్పాను."

పొడి దుప్పటి పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, నన్ను సరిగ్గా పడుకోబెట్టింది. చేతులు కడుక్కొచ్చి కుర్చీలో కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు.

"ఇప్పుడు చెయ్యి ప్రార్థన, నువ్వే" అంది.

"ప్రభువా" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు.

ఆమె అందించలేదు. నాకు వచ్చేదాకా అలాగే కూర్చుంది.