ఒడ్డున పొడిబట్టలు

ఏలూరులో రైలెక్కాక, లడఖ్‌లో ఒక నదిలో కయాక్ నడపడానికి డ్రై సూట్ కోసం ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నాను. రెండు నచ్చాయి. ఒకదానికి జిప్పు ముందుంది, ఎవరికి వారే వేసుకోవచ్చు. రెండోదానికి వీపు మీదుంది, ఇంకొకరు వేయాలి. వెళ్ళేది ఒక్కడినే కాబట్టి మొదటిదే కొందామనుకున్నాను.

పక్క సీట్లో ఉన్న కొల్లేరు పెద్దావిడ ఫోన్‌లోకి తొంగి చూసి, "అదేంటండీ?" అన్నారు.

"చన్నీళ్ళలో పడవ నడిపేటప్పుడు వేసుకునే పొడిబట్టలండీ."

ఆవిడ నవ్వేశారు. "పొడిబట్టలు ఒడ్డున ఉంచుకోవాలి గానండీ, కట్టుకుని నీళ్ళలోకి దిగుతారా ఎవరైనా?"

అక్కడి నీళ్ళు మంచులా ఉంటాయని, పడవ తిరగబడితే ఒంటికి తడి తగలకూడదని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"మా ఆయన చెరువులోకి దిగితే పొడిబట్టలు పట్టుకుని నేను గట్టు మీద ఉంటానండీ. మరి మీకు గట్టు మీద ఎవరుంటారండీ?"

అంతలో తాడేపల్లిగూడెం వచ్చింది, ఆవిడ దిగిపోయారు. రైలు కదిలాక ఒక స్నేహితుడికి ఫోన్ చేసి, నాతో వస్తావా అని అడిగాను. వస్తానన్నాడు.

వీపు మీద జిప్పున్న సూటే ఆర్డరు పెట్టాను.