చేని కాపలాకు ఇంగ్లీషు పాటలు

చెల్లెలిని చూడటానికి కదిరి నుంచి వల్లూరు పోతున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్న ఆడపిల్ల ఫోనులో ఇంగ్లీషు పాటలు తిప్పి తిప్పి పెడుతోంది.

“చెవులు పోతాండాయి. ఏందమ్మే అది?” అన్నాను.

“ఐర్లాండు పిల్లోళ్ళ మొదటి ఆల్బమ్ అవ్వా. నిదానంగా పాడతారు, ప్రతి మాటా తెలుస్తాది. రేపు సోలార్ ప్లాంటు గేటు కాడ సెక్యూరిటీ పనికి ఇంటర్వ్యూ ఉండాది. ఇంగ్లీషు రావాలంట.”

“ఏం నేర్చినావు?”

“‘నన్ను ఇడిసిపోవద్దు’ అనేది బాగా వచ్చినాది.”

“గేటు కాడ అది ఎవురికి చెప్తావే?”

ఆ పిల్ల నవ్వింది. “గేటు లోపల ఉండేది మా చెనక్కాయ చేనే అవ్వా. సోలారోళ్ళకు లీజుకిచ్చినాము.”

నాకు ఒళ్ళు మండిపోయింది. సొంత వేరుశనగ చేనికి కాపలా ఉండటానికి ఇంగ్లీషు కావాలా?

“రేపు ఇంటర్వ్యూ చేసే ఆయప్పను ముందు ‘చెనక్కాయ’ అనమను. అది పలికినాక నీ ఇంగ్లీషు అడగమను” అన్నాను.