బొచ్చు కాల్చిన నమూనాలు

ఆ రోజుల్లో చేతిలో డిగ్రీ ఒకటుంటే చాలు, లోకమంతా మన మాట వింటుందనుకునేవాణ్ణి. రెండు వేల ఐదో, ఆరో సంవత్సరం. మణుగూరు అవతల అడవి ఊళ్లలో ఎలుకల్ని పట్టి, వాటి ఒంటి మీది పిడుదులు ఏరి, లైమ్ జబ్బు తెచ్చే బాక్టీరియా వాటిలో ఉందేమో చూడ్డానికి ల్యాబుకు పంపే తాత్కాలిక ఉద్యోగం నాది. (పెళ్లిచూపుల్లో చెప్పుకునే ఉద్యోగం కాదని ఒప్పుకుంటాను.) అయినా మా అమ్మ సత్తుపల్లి చర్చిలో నిలబడి, మావాడు సైంటిస్టయ్యాడని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పేసింది. ఇక ఈ ఉద్యోగం పోతే ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?

పోయేలాగే ఉంది. పది రోజులు బోన్లు పెట్టినా ఒక్క ఎలుకా పడలేదు; ఎరగా పెట్టిన ఎండుచేపలు మాత్రం మాయమయ్యేవి. శనివారానికి పిడుదులు రాకపోతే నువ్వూ రావద్దని పెద్దసారు ఫోన్లో తేల్చేశారు. దిక్కుతోచక, నాకు అన్నం పెట్టే ఇంటి అక్కను ఎలుకలు కావాలని అడిగాను. ఎందుకో చెప్పలేదు. బాక్టీరియా సంగతి ఆవిడకేం తెలుస్తుందిలే అని నా డిగ్రీ అడ్డొచ్చింది. ఎన్ని గావాలె అని మాత్రం అడిగింది. ఎన్నైనా సరే అన్నాను.

శుక్రవారం పొద్దున్నే బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. పైన కప్పిన ఆకు తీసి చూద్దును కదా, ఇరవై ఎలుకలు! బొచ్చు కాల్చి, శుభ్రంగా కడిగి, పసుపు కూడా రాసి ఉన్నాయి. పిడుదులన్నీ మంటలో పోయాయి. బొచ్చుతోనే ఎందుకు తేలేదక్కా అని ఏడుపుగొంతుతో అడిగాను.

"గదేంది సారూ. ఇంటికొచ్చినోళ్లకు బొచ్చుతోని ఇస్తమా? ఊరోళ్లు ఏమనుకుంటరు?"

మధ్యాహ్నానికి నా నమూనాలన్నీ కూరై నా కంచంలోకే వచ్చాయి. నాలుగు ముద్దలు తినేసరికి కళ్లలో నీళ్లు ఆగలేదు. కారమెక్కువైందా అంది అక్క. అవునన్నాను. శనివారం ఉద్యోగం పోయింది. ఆదివారం చర్చికి వెళ్లలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నాలోని ఆ డిగ్రీ కుర్రాడి మీద నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఆ ఎలుకల కోసం అక్క ఇంటిల్లిపాదీ రెండు రోజులు కూలికి పోకుండా పొలం గట్లు తవ్వారని బస్సెక్కేటప్పుడు పక్కింటాయన చెప్పాడు. నా బతుకు బుగ్గి అయిందన్న దిగులులో ఆ మాట చెవికెక్కలేదు. కనీసం ఇంకో గరిటె కూర వెయ్యక్కా అని అడిగి ఉండాల్సింది.