నుదుటికి ఆనించిన ఫోన్

గల్ఫ్‌లో మేముండే నజ్మాలో డ్యూటీ బస్సెక్కితే నా పక్కన కొత్త మనిషి కూర్చున్నాడు. ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్‌ను మూడుసార్లు విన్నాడు. తర్వాత ఆ ఫోన్‌ను నుదుటికి ఆనించుకుని కళ్ళు మూశాడు.

దేవుడి పాట అనుకున్నాను. మా ఊళ్ళో ప్రసాదాన్నీ పుస్తకాన్నీ అలాగే కళ్ళకద్దుకుంటాం.

"ఏ దేవుడు భాయ్?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"నా కొడుకు," అన్నాడు. "మాది టిబెట్. నాలుగేళ్ళప్పుడే వాణ్ణి సర్కారు హాస్టల్ బడిలో వేశారు. అక్కడంతా చైనా మాటే. ఇప్పుడు వాడికి మా మాట రాదు. నాకేమో చైనా మాట రాదు."

"మరి ఏమంటున్నడో ఎట్ల తెలుస్తది?"

"తెలియదు," అని నవ్వాడు. "మా దగ్గర పిల్లల నుదుటికి నుదురు ఆనిస్తాం. అదింకా మరిచిపోయుండడు."

వాళ్ళ సైటు రాగానే దిగిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

ఆ సాయంత్రం నా బిడ్డ ఫోన్ చేసి బడి ముచ్చట్లు మొదలుపెట్టింది. రోజూ అయితే రెండు నిమిషాలకే "అలిసిపోయిన, పెట్టు బిడ్డా" అనేవాణ్ణి.

చాలాసేపటికి దానికే అనుమానం వచ్చింది. "బాపూ, ఉన్నవా? ఏం మాట్లాడ్తలేవు?"

"ఉన్న బిడ్డా. నువ్వు చెప్పు."