మా వదిన చీటీకి వకాల్తా

మా వీధిలో మా వదినను ‘ఆర్థిక మంత్రి’ అంటారు. అందులో సగం వెటకారం, సగం భయం. ఎదురింటావిడ కొత్త మిక్సీ కొనాలన్నా ముందు మా గడప తొక్కి, “ఇది నాకు అవసరమంటావా, సరదా అంటావా?” అని అడుగుతుంది. వదిన వాళ్ళ వంటింటి దాకా వెళ్ళి, పాత మిక్సీ మూత విప్పి చూసి, “రబ్బరు మార్పించండి, చాలు” అని చెప్పి వచ్చేస్తుంది. మిక్సీల షాపువాడు మా ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమెకేసి ఎలా చూస్తాడో నేను చెప్పక్కర్లేదు.

వదిన టైలరు. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు, కాళ్ళ చుట్టూ గుడ్డముక్కలు. మా అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారను మోగించి వస్తాడు కాబట్టి ఇంట్లో నోరు మెదపడు. వాళ్ళ పదకొండేళ్ళ కూతుర్ని అందరం పిచ్చుక అంటాం, నిద్రలో తప్ప ఆ నోటికి విశ్రాంతి లేదు. ఇక మా అమ్మ, నేను. నేను పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లు రాస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అమ్మ అంటుంది. ఉంటుంది. ఉంటే ఏం?

ముందుగది గోడకు తువ్వాలంత గుడ్డ ఒకటి వేలాడుతుంటుంది. కుట్టగా మిగిలిన ముక్కలతో వదినే చేసింది. ఒక సగం సాదా, రెండో సగం పూలు. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా చీటీ రాసి దాని అంచుకు గుచ్చాలి. నెలలో మొదటి ఆదివారం టీలు తాగాక పంచాయితీ, వదిన తీర్పరి. అవసరమని తేలితే చీటీ సాదా సగంలోకి పోతుంది, కోరికని తేలితే పూల సగంలోకి. సాదా సగంలోవన్నీ కొన్నాక డబ్బు మిగిలితేనే పూల సగం వైపు చూడటం. మిగలడమే! మా ఇంట్లో!

అసలు కిటుకు ఇంకోటుంది. ఎవరి చీటీ గురించి వాళ్ళు వాదించుకోకూడదు. ఇంకెవరైనా వకాల్తా పుచ్చుకోవాలి. చీటీ రాసినవాళ్ళు ముక్కాలి పీట మీద కూర్చుని, అది తమకెందుకు అక్కర్లేదో చెప్పాలి. వదిన కాపురానికొచ్చిన కొత్తలోనే ఈ పద్ధతి పెట్టింది. “ఈ ఇంట్లో గొంతు పెద్దదున్నవాళ్ళకే వస్తువులొస్తున్నాయి అత్తయ్యా” అంది మా అమ్మతో. అంటున్నంతసేపూ నన్నే చూసింది. ఎంత ఒళ్ళు మండిందో!

కానీ నిజం చెప్పొద్దూ, ఆ పద్ధతి పనిచేసింది. ఒకసారి అమ్మ ‘చేతుల కుర్చీ’ అని చీటీ రాసింది. తనే పీట మీద కూర్చుని, “ఉన్న నాలుగు కుర్చీలు చాలవా, ముసల్దానికి ఈ సోకొకటా” అని కొట్టిపారేసుకుంది. వకాల్తా అన్నయ్యది. ఎప్పుడూ మాట్లాడని మనిషి గొంతు సవరించుకుని, “వారం నుంచి చూస్తున్నా. లేవాలంటే తలుపు పట్టుకుంటోంది. మోకాళ్ళు పట్టేశాయి. మనకి చెప్పట్లేదు” అన్నాడు. రెండు నిమిషాల్లో తీర్పు అయిపోయింది. ఒకరి కోసం వాదించాలంటే వాళ్ళనే గమనిస్తూ తిరగాలి కదా, ఆ వారమంతా అన్నయ్య చేసింది అదే. ఇక పిచ్చుక లైట్లు వెలిగే బూట్లడిగితే వకాల్తా నాది. చీకట్లో కనపడతాయని, దొంగలు పారిపోతారని ఏవేవో చెప్పాను. “పగలు బడికెళ్ళే పిల్లకి దొంగలెక్కడమ్మా?” అని వదిన చీటీని పూల సగంలోకి పంపింది. నేనూ పిచ్చుకా ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

ఆ పూల సగంలో అన్నిటికంటే పాత చీటీ వదినదే. ‘ఓవర్‌లాక్ మిషను.’ గుడ్డ అంచుల దారాలు ఊడకుండా చుట్టి కుట్టే మిషనది. అది లేక వదిన రోజూ సాయంత్రం మూట చంకనేసుకుని వీధి చివర టైలరు షాపుకి వెళ్ళి, ఆయన మిషను ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, ముక్కకింతని ఇచ్చి అంచులు కుట్టించుకొస్తుంది. మూడేళ్ళ కిందట చీటీ రాసి, పంచాయితీ కూడా లేకుండా తనే తీసుకెళ్ళి పూల సగంలో గుచ్చేసింది. తీర్పరి కదా, ఎవరడుగుతారు? మేమెవ్వరం అడగలేదు.

అలాగని డబ్బు దాచలేదా? దాచింది. బిస్కెట్ల డబ్బాలో కొద్దికొద్దిగా వేసేది. డబ్బా నిండబోతుందనగా కుళాయి పాడయ్యేది, లేదా పిచ్చుకకు కళ్ళజోడు వచ్చేది. ఒకసారి అన్నయ్య దవడపన్ను. మా డాక్టరు పైసా తగ్గించలేదు, ఆయన సంగతి ఇంకోసారి చెప్తాను. వదిన మాత్రం నవ్వేసేది. “ఎక్కడికి పోతుందిలే, మిషన్లు చేసేవాళ్ళు షాపులు మూసేస్తున్నారా ఏంటి?” అనేది. మేమూ నవ్వేవాళ్ళం.

పోయిన నెల నేను ‘స్కూటరు’ అని రాశాను. వకాల్తాకి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు వదిన లేచి, “ఇవాళ తీర్పు మీరు చెప్పండి అత్తయ్యా, దీని తరఫున నేను మాట్లాడతా” అంది. ఇక చూడాలి! “ఆడపిల్ల బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడుతోంది. వానొస్తే తడుస్తోంది. రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండట్లేదు” అంటూ చేతులు తిప్పుతూ చెప్తుంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది. పద్ధతి ప్రకారం నేను ‘వద్దు’ అని వాదించాలి. “వద్దులే” అన్నాను, ఎవరికీ వినపడనంత గట్టిగా. చీటీ సాదా సగంలోకి దర్జాగా నడిచి వెళ్ళింది. వదిన బిస్కెట్ల డబ్బాలో డబ్బు స్కూటరు తొలి కిస్తీకి సరిగ్గా సరిపోయింది. ఓ వారం ఆగి, ఆ పై సోమవారం షాపులో కట్టాలనుకున్నాం.

ఆ ముందు శుక్రవారం మా క్లినిక్‌కి పిచ్చుక బడి గుమాస్తాగారు వచ్చారు. బుగ్గ బూరెలా వాచిపోయి ఉంది. టోకెను రాస్తుంటే బుగ్గ పట్టుకునే అడిగారు. “మీ వదినగారు ఏమన్నా మనసు మార్చుకున్నారా అమ్మా?”

“దేని గురించండీ?”

“యూనిఫారాల గురించి. అరవై జతలు. ఆమె కుట్టు మా హెడ్‌మిస్ట్రెస్‌కి నచ్చింది. అంచులన్నీ ఓవర్‌లాక్ ఉండాలన్నాం. ‘సొంత మిషను లేదండీ, అన్ని జతలకీ బయట అంచులు కుట్టించలేను, వచ్చే ఏడు చూద్దాం’ అన్నారు. సోమవారం దాకా చూసి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళకే ఇస్తాంగా, మధ్యలో ఎవరు మారుస్తారు?”

గుమాస్తాగారికి టోకెను నంబరు తప్పు రాసి ఇచ్చాను, పాపం ఇంకో గంట కూర్చున్నారు.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. వదిన మూటతో టైలరు షాపుకి వెళ్ళి ఉంది. పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న అన్నయ్య మీద పడ్డాను. “నీ పెళ్ళానికి ఆర్డరొచ్చిందని నీకు తెలుసా? మిషను లేక పోతోందని తెలుసా?”

“తెలీదే.”

“ఎలా తెలుస్తుంది? అడిగితే కదా! మూడేళ్ళ నుంచి ఆ చీటీ మన కళ్ళ ముందే ఉంది. ఒక్కళ్ళం, ఒక్కళ్ళమన్నా దాని తరఫున నోరు విప్పామా?”

అరుస్తున్నది అన్నయ్య మీద, కోపం మాత్రం నా మీద. ఆమె చెప్పకపోవడానికి కారణం నాకు బాగా తెలుసు. చెబితే తన చీటీకి తను వాదించుకున్నట్టే. తను పెట్టిన పద్ధతి తను తప్పదు, మొండిది. పైగా నా స్కూటరుకి తన గొంతు ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆదివారం పొద్దున్న టీలవగానే వదినను పీట మీద కూర్చోబెట్టాం. “ఇది మొదటి ఆదివారం కాదుగా” అని లేవబోయింది. “ఇది ఎమర్జెన్సీ అమ్మా” అని పిచ్చుక భుజాలు పట్టి అదిమింది. తీర్పరి అమ్మ. వకాల్తా నాది.

ఆర్డరు సంగతి బయటపెట్టాను. ముక్కకింతని ఏడాదికి టైలరుకి ఎంత పోతోందో, అరవై జతలకి ఎంత వస్తుందో కాగితం చూసి చదివాను. “ఇది కోరిక కాదు, నూటికి నూరుపాళ్ళూ అవసరం” అని బల్ల గుద్దాను. చెయ్యి నొప్పెట్టింది.

వదిన తాపీగా మొదలుపెట్టింది. “ఉన్న మిషను నడుస్తోంది. ఆర్డరు ఒక్క ఏడాదికి వస్తుంది, రెండో ఏడు రాకపోతే? కొత్త మిషను మీద చెయ్యి కుదరాలంటే నెల పడుతుంది, ఈలోగా పిల్లలు పాత యూనిఫారాలతోనే బడికెళ్ళాలి. పైగా స్కూటరుకి మాటిచ్చేశాం. నలభై నిమిషాలు నిలబడే పిల్లని ఇంకా నిలబెడదామా?”

“పన్నెండు నిమిషాలు!” అని అరిచాను. “నలభై కాదు, పన్నెండు. మందుల షాపు అమ్మాయి నీలం స్కూటరు కొందని నేనూ అడిగాను. చాలా?”

“నాకు తెలుసు” అంది వదిన.

“తెలిసి ఎందుకు వాదించావు?”

“చీటీ రాసేటప్పుడు నీ మొహం చూశాను. అంత ఇష్టంగా నువ్వు దేన్నీ అడగలేదు.”

చేతిలోని లెక్కల కాగితం నాలుగు మడతలు పెట్టాను. అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. లెక్క ప్రకారం వదిన వాదనే గట్టిగా ఉందని ఆమె మొహంలో తెలిసిపోతోంది. పాపం, తీర్పు ‘వద్దు’ అని చెప్పాల్సి వస్తుందేమోనని పెదవులు తడుపుకుంటోంది.

అప్పుడు పిచ్చుక పీట ముందు గొంతుక్కూర్చుంది. “అమ్మా, అవన్నీ సరే. నీకు కావాలా, వద్దా?”

“అదికాదే, లెక్క…”

“లెక్క అత్త చెప్పింది, నువ్వూ చెప్పావు. నీకు కావాలా?”

వదిన మెడలో టేపును వేలికి చుట్టింది, విప్పింది. మళ్ళీ చుట్టింది. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

“కావాలి” అంది.

ఆమే మళ్ళీ అంది. “చాలా కావాలి. ఆ టైలరు షాపులో మిషను గడగడా నడుస్తుంటే నా చేతులు ఊరుకోవు. ఆయన అంచు వంకరగా కుడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నేనైతే ఎంత బాగా కుడతానో! ఆర్డరు కోసం అని చెప్పకండి అత్తయ్యా. ఆర్డరు రాకపోయినా నాకది కావాలి. అవసరం అని అబద్ధం రాయకండి. కోరికే. కోరికగానే ఇప్పించండి.” చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు లేదు.

అమ్మ తీర్పు చెప్పనేలేదు. అన్నయ్య లేచి చొక్కా తగిలించుకున్నాడు. “పదండి. ఆదివారం షాపు ఒంటిగంట దాకానే” అన్నాడు. నా స్కూటరు చీటీని నేనే పీకి పూల సగంలో గుచ్చి, గుమాస్తాగారికి ఫోను చేసి వదిన చేతికిచ్చాను. బిస్కెట్ల డబ్బా పట్టుకుని అయిదుగురం బస్సెక్కాం. ఆ బస్సు డ్రైవరు మా అన్నయ్యకి స్నేహితుడే, స్టాపు కాకపోయినా మిషన్ల షాపు ముందే ఆపాడు.

షాపువాడు పద్ధతిగా అన్నయ్యనే పలకరించాడు. “ఏం కావాలండీ? ఎవరికి?”

ఏ షాపుకెళ్ళినా వదిన ‘మా పాపకి’ అంటుంది, ‘మా అత్తయ్యకి’ అంటుంది, ‘మా ఆడబిడ్డకి’ అంటుంది. అన్నయ్య అలవాటుగా ఆమెవైపు చూశాడు. వదిన అప్పటికే మిషను దగ్గరికి వెళ్ళిపోయి దాని చక్రం మీద చెయ్యి వేసి ఉంది. “నాకండీ” అంది.