జామపండు పాఠం

రజాకార్ల గొడవ సద్దుమణిగి గరిడేపల్లిలో బడి మళ్ళీ తెరిచాక, సత్యానందం పంతులు బొమ్మల పాఠం ఉన్న రోజున కండువా కొసలో ఒక జామపండు కట్టుకొచ్చేవారు. దాన్ని తుడిచి, కళ్ళు మూసుకుని ప్రభువును తలుచుకుని, బల్లమీద పెట్టి పలకల మీద గీయమనేవారు. అందరికన్నా వంకరగా గీసినవాళ్ళు ఆ పండు తినాలి. రుచి తెలిస్తే చెయ్యి తిరుగుతుందన్నది ఆయన చెప్పే కారణం. ఎప్పుడూ పండు సైదమ్మకే దక్కేది. ఆ పిల్ల పొద్దున ఏమీ తినకుండా బడికొస్తుందని ఆయనకు తెలుసు. ఒకనాడు సైదమ్మ పలక మీదికి పండు అచ్చంగా దిగింది. “ఇగ నీకు పండు రాదే!” అన్నాడు పక్కనున్న జనార్దన్. సైదమ్మ మొహం చిన్నబోయింది. బొటనవేలు ఉమ్మితో తడిపి బొమ్మ చెరపబోతుంటే పంతులు పలక అందుకుని చాలాసేపు చూశారు.

“తొడిమ కాడ జర వంకర పోయింది. పండు నువ్వే తిను బిడ్డా.”

“పండుకు గూడ తొడిమ గట్లనే వంకరున్నది గద పంతులూ!” అన్నాడు జనార్దన్.

పంతులు పండును తిప్పి చూశారు. “అయితే పండుది గూడ తప్పే,” అని దాన్ని సైదమ్మ చేతిలో పెట్టారు.